లాగ్‌బుక్‌లో ఒక్క సంతకం కోసం: హోం శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ హోం శాఖ మంత్రి గారికి,

విజయవాడ నుంచి ఒక ఏఆర్ (సాయుధ రిజర్వు) కానిస్టేబుల్ డ్రైవర్ భార్య నమస్కరించి రాసుకుంటున్న విన్నపం.

ఇది నా నాలుగో విన్నపం. బ్రేకు సరిగా లేదని మా వారు బండి రోజువారీ వివరాలు రాసే లాగ్‌బుక్‌లో మూడుసార్లు రాసినా పట్టించుకోకుండా ఆ పోలీసు జీపునే రోడ్డు మీదకు పంపి, ప్రమాదం జరిగాక తప్పు ఆయన మీదే వేసి మెమో ఇచ్చిన సంగతి గురించి. మొదటి మూడూ తెల్లకాగితం మీద రాసి, జిరాక్సులు జతచేసి, సోమవారం పూట వరుసలో నిలబడి ఇచ్చాను. రెండింటికి రసీదు ఇచ్చారు. మూడోదానికి నా ఫోనుకు సందేశం వచ్చింది, ‘మీ అర్జీ పరిష్కరించబడినది’ అని. ఏం పరిష్కరించారో తెలుసుకుందామని మళ్లీ వెళ్లాను. సంబంధిత విభాగానికి పంపించాం కాబట్టి మా వరకు అది ముగిసినట్టేనమ్మా అన్నారు. మంత్రి గారూ, మా వారికి మెమో ఇచ్చింది ఆ సంబంధిత విభాగమే. నా ఫిర్యాదు ఎవరి మీదో వాళ్ల చేతికే దాన్ని పంపించారు. ఇక అందరూ చదివేలా రాయడం తప్ప నాకు వేరే దారి తోచలేదు.

భర్త మాట్లాడకుండా భార్య ఎందుకు రాస్తోందని మీరు అడగరు. 1966 నాటి పోలీసు బలగాల హక్కుల నియంత్రణ చట్టం మీ శాఖలో అందరికీ తెలిసిందే. పోలీసు ఉద్యోగి అనుమతి లేకుండా పత్రికలకు ఎక్కకూడదు, సంఘం పెట్టుకోకూడదు. ఆ చట్టం మా వారికి వర్తిస్తుంది, నాకు వర్తించదు. ఆయన పేరు గానీ, స్టేషన్ పేరు గానీ, బండి నంబరు గానీ ఇందులో రాయడం లేదు. అయినా ఎవరి గురించో మీ శాఖలో తెలిసిపోతుంది. తెలిసినా పరవాలేదని ఇద్దరం మాట్లాడుకునే రాస్తున్నాను.

2024 సెప్టెంబరు 1న బుడమేరు మా అజిత్‌సింగ్‌నగర్ మీద పడ్డ రోజు మీకు గుర్తుండే ఉంటుంది. మరుసటి రోజు ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులు దాటి వరద వచ్చింది. మా ఇంట్లో మంచం మునిగింది, ఫ్రిజ్ తేలింది. పిల్లలను తీసుకుని పై వాటా వాళ్ల ఇంట్లో తలదాచుకున్నాను. మా వారు ఇంటికి రాలేదు. ఎక్కడున్నారంటే మా ఇంటికి కిలోమీటరు దూరంలో గస్తీ జీపులో ముసలివాళ్లను, బాలింతలను గట్టుకు చేరుస్తున్నారు. (మేమంతా అలవాటు కొద్దీ జీపు అంటాం. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం.) నీళ్లు బానెట్ దాకా వచ్చి ఇంజను ఆగిపోయాక జీపును అక్కడే వదిలి, పాల ప్యాకెట్లు నెత్తిన పెట్టుకుని నడిచారు. జీపు రెండు రోజులు సీట్ల దాకా నీళ్లలో నిలబడింది. ఆ రెండు రోజుల గురించి నాకు ఏ ఫిర్యాదూ లేదు. అలాంటప్పుడు బండి మునిగినా మనిషి బతకాలి.

నా ఫిర్యాదు ఆ తరువాత జరిగినదాని గురించి. నీళ్లు తీశాక జీపును లాగి తెచ్చారు. కడిగారు, సీట్లు ఎండబెట్టారు, ఇంజను ఆయిల్ మార్చారు, ఫిల్టర్లు మార్చారు. బండి స్టార్ట్ అయింది. స్టార్ట్ అయింది కాబట్టి బాగయినట్టేనని రోడ్డు మీదకు పంపారు.

మా తమ్ముడికి ఆటోనగర్‌లో షెడ్డు ఉంది. ఇరవై ఏళ్లుగా బ్రేకుల పనే చేస్తున్నాడు. ఒక ఆదివారం మా వారు జీపుతోనే ఇంటి ముందు నుంచి వెళుతూ ఆగితే, వాడు ఊరికే పెడల్ మీద కాలు పెట్టి చూశాడు. వెంటనే దిగి, ‘బావగారూ, బ్రేకు ఆయిల్ మార్చారా?’ అని అడిగాడు. మార్చలేదన్నారు. ‘అయితే ఈ బండితో కొండ ఎక్కకండి’ అన్నాడు. ఎందుకని నేను అడిగితే వాడు చెప్పింది ఇది. బ్రేకు ఆయిల్ గాలిలోని తేమను కూడా పీల్చుకుంటుంది. అందుకే మామూలు బండికి కూడా రెండేళ్లకొకసారి మార్చాలి. మునిగిన బండికి మొదట మార్చాల్సిన వాటిలో అదొకటి. ఊళ్లో మెల్లగా తిరిగేటప్పుడు తేడా పెద్దగా తెలియదు. వాలులో బ్రేకు మీద బ్రేకు వేస్తూ దిగితే ప్యాడ్లు కాలి, ఆ వేడి ఆయిల్‌కు ఎక్కి, అందులోని నీరు మరిగి ఆవిరవుతుంది. ఆవిరి నొక్కితే నలుగుతుంది గానీ ప్యాడ్లను నెట్టలేదు. పెడల్ నేలకు ఆనుతుంది, బండి మాత్రం ఆగదు.

మా వారు ఆ మాటను తేలిగ్గా తీసుకోలేదు. లాగ్‌బుక్‌లో రాశారు. సెప్టెంబరు 14న ‘బ్రేకు పెడల్ మెత్తగా ఉన్నది, పరిశీలించవలెను’ అని. 19న మళ్లీ అదే. 26న ‘బ్రేకు ఆయిల్ మార్పుకు ఇండెంట్ ఇవ్వడమైనది’ అని. (ఇండెంట్ అంటే కావలసిన సామాను కోరుతూ పెట్టే కాగితం.) మూడు చోట్లా ఆయన సంతకం ఉంది. ఆ పక్క గడిలో ఎవరి సంతకమూ లేదు.

ఈ పని ఖర్చు కూలీతో కలిపి వెయ్యి రూపాయలు దాటదు. పని పట్టే సమయం ఒక గంట. జరిగింది ఎక్కడో అడవిలో కాదు. 1966 నుంచి జవహర్ ఆటోనగర్ ఉన్న ఊళ్లో, చుట్టుపక్కల జిల్లాల లారీలన్నీ మరమ్మతుకు వచ్చే ఊళ్లో, ఒక పోలీసు బండికి సీసాడు బ్రేకు ఆయిల్ కోసం ఇండెంట్ కాగితం తిరుగుతూనే ఉంది. ‘డబ్బులొద్దు బావగారూ, రాత్రికి షెడ్డుకు తీసుకురండి, నేను మార్చేస్తాను’ అని మా తమ్ముడు బతిమాలాడు. మా వారు ఒప్పుకోలేదు. ప్రభుత్వ వాహనాన్ని అనుమతి లేకుండా బయట విప్పితే అదో తప్పు. అంతకుముందు పంచర్లు, వైపర్ బ్లేడ్లు, హెడ్‌లైట్ బల్బులు మా జీతం డబ్బులతో వేయించినవి ఎన్నో ఉన్నాయి. అవి పైకి కనిపించవు కాబట్టి ఎవరూ అడగలేదు. బ్రేకుల దగ్గర మాత్రం ఆయన నిబంధన పాటించారు. ఆ రోజు నిబంధన తప్పి ఉంటే బాగుండేదని నేను ఇప్పటికీ ఏడుస్తాను. చట్టాన్ని కాపాడే ఉద్యోగి భార్యను ఇలా అనుకునే స్థితికి తెచ్చారు.

దసరా ఉత్సవాలు మొదలవడానికి రెండు రోజుల ముందు, రాత్రి మూడు గంటల వేళ, ఇంద్రకీలాద్రి ఘాట్ రోడ్డు మీద రాళ్లు పడ్డాయేమో చూసి రమ్మని వైర్‌లెస్ సెట్టులో చెప్పారు. వానలకు కొండచరియలు జారే చోటు అది. వెనుక ఇనుప బారికేడ్లు వేసుకుని, ఇద్దరు కానిస్టేబుళ్లను ఎక్కించుకుని వెళ్లారు. ఎక్కేటప్పుడు ఏమీ కాలేదు. రాళ్లు తీసి, బారికేడ్లు రెండు దించి, తిరిగి దిగుతున్నారు. ఓం మలుపు దాటాక పెడల్ ఒక్కసారిగా కిందకు పోయింది. రెండోసారి నొక్కారు, మూడోసారి నొక్కారు. హ్యాండ్ బ్రేక్ లాగితే అది కూడా పట్టలేదు. గేరు తగ్గించి, బండిని కొండ వైపు గోడకు రాపిస్తూ రాపిస్తూ ఆపారు. ఎడమ పక్క మొత్తం చీరుకుపోయింది. ఆయన ఎడమ మణికట్టు విరిగింది. వెనుక అడ్డంగా ఉండే సీటులో కూర్చున్న కానిస్టేబుల్ తల పై కమ్మీకి కొట్టుకుని ఏడు కుట్లు పడ్డాయి. ఆ సీటుకు బెల్టు లేదు.

రెండు రోజుల తరువాత అదే రోడ్డు మీద క్యూలైన్లు కట్టారు. పసిపిల్లలను భుజాన వేసుకుని, భవానీ దీక్షల వాళ్లు, పల్లెల నుంచి వచ్చిన ముసలమ్మలు ఆ మలుపులోనే నిలబడ్డారు. నేనూ వెళ్లాను, మొక్కు ఉంది. ఆ గోడ మీద తెల్లటి గీత ఉంది, మా జీపు రంగు. దాని పక్కన నిలబడి చాలాసేపు కదలలేకపోయాను. వెనుక వాళ్లు జరగండమ్మా అంటూనే ఉన్నారు.

ఇప్పుడు మీరు దయచేసి నిదానంగా చదవవలసిన భాగం. తెల్లవారి తొమ్మిదింటికి మోటారు విభాగం వాళ్లు వచ్చి బండిని పరీక్షించారు. పెడల్ గట్టిగా ఉంది. ‘బ్రేకులు పనిచేయు స్థితిలో ఉన్నవి’ అని నివేదిక రాశారు. వాళ్లు అబద్ధం రాశారని నేను అనడం లేదు. ఆరు గంటల్లో బండి చల్లారింది. ఆవిరి మళ్లీ నీరయింది. పెడల్ తిరిగి వచ్చింది. ఇది బ్రేకుల పని తెలిసిన ఏ కుర్రవాడైనా చెబుతాడు. ఆయిల్ బయటకు తీసి తేమ ఎంత ఉందో చూసే చిన్న పెన్నులాంటి పరికరం ఆటోనగర్‌లో మా తమ్ముడి దగ్గర కూడా ఉంది. దానితో చూడలేదు. పెడల్ నొక్కి చూశారు, అంతే. ఆ ఒక్క వాక్యంతో తప్పు మొత్తం ఆయన మీదకు వచ్చింది. ‘అజాగ్రత్తగా నడిపి ప్రభుత్వ వాహనానికి నష్టం కలిగించినందుకు’ మెమో ఇచ్చారు. 31,600 రూపాయలు పది వాయిదాల్లో జీతం నుంచి రికవరీ. మెమోకు జవాబుగా లాగ్‌బుక్‌లోని మూడు తేదీలూ రాశారు. ‘సంజాయిషీ సంతృప్తికరంగా లేదు’ అని ఒక లైను వచ్చింది. లాగ్‌బుక్ తెప్పించి చూశారా అన్నది అందులో లేదు.

ఆ గోడ స్థానంలో మనిషి ఉండి ఉంటే? 2024 జూలై 1 నుంచి కొత్త న్యాయ సంహితలో 106వ సెక్షన్ వచ్చింది. నిర్లక్ష్యంతో ప్రాణం పోతే అయిదేళ్ల దాకా శిక్ష. పాత చట్టంలో రెండేళ్లే. ఆ కేసు ఎవరి మీద పెట్టేవారు? ఇండెంట్‌ను పక్కన పెట్టిన వారి మీదా? రాత్రి మూడింటికి కొండ ఎక్కమన్న వారి మీదా? స్టీరింగ్ పట్టుకున్న మా వారి మీద. చేతికి ఇచ్చిన బండి వద్దనే హక్కు లేని మనిషి మీద.

నేను బి.ఏ. దాకా చదువుకున్నాను. ఈ ఏడు నెలల్లో మోటారు వాహనాల చట్టాన్ని తెలుగులో, అర్థం కాని చోట మా పెద్దబ్బాయి సాయంతో ఇంగ్లీషులో చదివాను. 190వ సెక్షన్ ప్రకారం ప్రమాదకరమైన లోపం ఉన్న బండిని రోడ్డు మీద నడపడం, నడపనివ్వడం కూడా నేరం. 194బి ప్రకారం బెల్టు పెట్టుకోకపోతే వెయ్యి రూపాయలు. 2019లో చేర్చిన 210బి చదివినప్పుడు మటుకు పుస్తకం మూసేసి కూర్చున్నాను. ఈ చట్టాన్ని అమలుచేసే అధికార యంత్రాంగమే దాన్ని ఉల్లంఘిస్తే జరిమానా రెట్టింపు అని ఉంది. పార్లమెంటు రాసిన మాట అది. బెంజి సర్కిల్ దగ్గర మా తమ్ముడి హెల్మెట్ బకిల్ ఊడి ఉందని చలానా రాశారు, కట్టాడు, సరిగ్గానే రాశారు. బెల్టు లేని సీటులో కానిస్టేబుల్‌ను కూర్చోబెట్టి ఘాట్ రోడ్డు ఎక్కించినందుకు ఎవరు ఎంత కట్టారు? అదే చట్టం 146వ సెక్షన్‌లో వ్యాపారానికి వాడని ప్రభుత్వ వాహనాలకు తప్పనిసరి బీమా నుంచి మినహాయింపు ఉంది. 2023 ఏప్రిల్ నుంచి పదిహేనేళ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ కొనసాగించకూడదని కేంద్రం నిబంధన తెచ్చింది. అందులోనూ శాంతిభద్రతలకు వాడే ప్రత్యేక వాహనాలకు మినహాయింపు పెట్టారు. పోలీసు పని ఆగకూడదని మినహాయింపులు ఇచ్చారు. సరే. పోలీసు ప్రాణానికి ఆ మినహాయింపుల్లో ఎక్కడ చోటు ఉంది?

టైర్ల సంగతి రాయాలంటే ఇంకో లేఖ కావాలి. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లు ఉండాలని నిబంధన. కొలవడం ఎవరైనా చూశారా అని మాత్రం అడుగుతాను.

ఇంకొకటి, ఇది పెద్దగా ఎవరికీ తట్టని విషయం. గస్తీ బండికి సర్వీసు కిలోమీటర్ల లెక్కన చేస్తారు. గస్తీ బండి తిరిగేదాని కన్నా నిలబడేది ఎక్కువ. కూడలిలో రాత్రంతా ఇంజను ఆన్‌లో ఉంటుంది. పైన లైట్లు వెలగాలి, వైర్‌లెస్ సెట్టు మాట్లాడాలి. మీటరు మీద ఒక్క కిలోమీటరు కూడా పెరగదు, ఇంజను మాత్రం అరుగుతూనే ఉంటుంది. అమెరికాలో ఫోర్డ్ కంపెనీ తన పోలీసు కార్లకు, గంటసేపు నిలబెట్టి ఇంజను నడిపితే దాదాపు 33 మైళ్లు, అంటే 53 కిలోమీటర్లు తిరిగినట్టు లెక్క కట్టాలని చెప్పింది. ఆ లెక్కన మా వారి జీపుకు ఒక్క రాత్రిలో ఎన్ని వందల కిలోమీటర్లు కలపాలి? లాగ్‌బుక్‌లో ఆ గంటలు రాసే గడి కూడా లేదు. ఆ దేశంలోనే మిషిగన్ రాష్ట్ర పోలీసులు ఏటా పోలీసు కార్లను తీసుకుపోయి, ఎంత దూరంలో ఆగుతాయో, మలుపులో ఎలా తిరుగుతాయో స్వయంగా పరీక్షించి ఫలితాలు అందరికీ ప్రకటిస్తారు. 2017లో ఆస్టిన్ నగర పోలీసులు కార్లలోకి విషవాయువు వస్తోందని దాదాపు 400 కార్లను ఒకేసారి పక్కన పెట్టారు. ఊరి కాపలా ఎలా అని సంకోచించలేదు. ముందు తమ మనుషులను కిందకు దించారు. అంత డబ్బు మన దగ్గర లేదని నాకు తెలుసు. నేను అడిగేది వెయ్యి రూపాయల పని గురించి.

నిలబడి నిలబడి బ్యాటరీ దిగిపోవడం మాకు మామూలే. మొన్న వేసవిలో మా వెనుక వీధిలో తాగి వచ్చిన భర్త కొడుతుంటే ఒకావిడ 112కు ఫోను చేసింది. బండి వచ్చేసరికి నలభై నిమిషాలు పట్టింది. సెల్ఫ్ తీసుకోలేదు, దారిన పోయే ఆటోవాళ్లు తోస్తే కదిలింది. అప్పటికే ఆమె చెయ్యి విరిగింది. వీధి వీధంతా దిగిన కానిస్టేబుళ్ల మీద పడింది, నానా మాటలు అన్నారు. నేను మేడ మీద నుంచి వింటున్నాను. బండి కదలలేదని వాళ్లు చెప్పుకోలేదు. చెప్పుకుంటే పరువు తక్కువ. 2022 మార్చి 23న 163 గస్తీ వాహనాలకు అప్పటి ముఖ్యమంత్రి గారు జెండా ఊపడం టీవీలో చూసి నేనూ సంతోషించాను. ఇప్పటి ప్రభుత్వం కొత్తవి ఇచ్చినా సంతోషిస్తాను. కానీ మంత్రి గారూ, బండి కొన్న రోజు కన్నా మూడో ఏట, నాలుగో ఏట ఎలా ఉందో చూడండి. ఆపదలో ఉన్న ఆడమనిషి దగ్గరకు వచ్చేది ఆ నాలుగో ఏటి బండే.

నేను అడిగేది చిన్నది. డ్రైవర్ ‘బ్రేకు సరిగా లేదు’ అని లాగ్‌బుక్‌లో రాసిన తరువాత, ఆ బండిని రోడ్డు మీదకు పంపమన్న అధికారి ఎవరో ఆ పక్కనే సంతకం చేయాలి. ‘లోపం తెలిసి, నా బాధ్యత మీద పంపుతున్నాను’ అని. ఆ సంతకం లేకపోతే బండి కదపనని చెప్పే హక్కు డ్రైవర్‌కు ఉండాలి. అలా చెప్పినందుకు మెమో రాకూడదు. దీనికి కొత్త నిధులు అక్కరలేదు, కొత్త చట్టం అక్కరలేదు. మీ శాఖ నుంచి ఒక ఉత్తర్వు చాలు. ఆ గడిలో పేరు రాయవలసి వస్తే ఇండెంట్ కాగితం బల్ల మీద రోజుల తరబడి పడి ఉండదని నా నమ్మకం. వరదలో మునిగిన బండ్లన్నిటికీ బ్రేకులు విప్పి చూడమని కూడా చెప్పండి. వాటిలో ఎన్ని ఇంకా తిరుగుతున్నాయో నాకు తెలియదు, మీరు అడిగితే ఒక్క రోజులో చెబుతారు. వెనుక సీట్లకు బెల్టులు పెట్టించండి. ఎన్ని అడిగినా మళ్లీ ఆ సంతకం దగ్గరకే వస్తున్నాను, క్షమించండి.

మా వారికి చెయ్యి అతుక్కుంది. మణికట్టు పూర్తిగా తిరగదు, స్టీరింగ్ తిప్పేటప్పుడు నొప్పి అంటారు. వేరే బండి ఇచ్చారు. రోజూ డ్యూటీ ఎక్కే ముందు పెడల్ పది సార్లు నొక్కి చూసి, ఇంజను స్టార్ట్ చేస్తారని తోటివాళ్లు చెప్పారు. ఇంట్లో ఆయన ఈ విషయం ఎత్తరు. రికవరీ నాలుగు వాయిదాలు పోయాయి, ఆరు మిగిలాయి. ఆ డబ్బు మాఫీ చేయమని ఈ లేఖ రాయలేదు. కట్టేస్తాం. ఆ లాగ్‌బుక్‌ను మాత్రం ఒకసారి మీ బల్ల మీదకు తెప్పించుకోండి. 2024 సెప్టెంబరు 14, 19, 26 తేదీల పేజీలు తెరవండి. ఎడమ గడిలో ఒక సంతకం ఉంటుంది. కుడి గడి ఖాళీగా ఉంటుంది. అక్కడ ఎవరి పేరు ఉండాలో నాకు చెప్పండి.

ఇట్లు,
తమ విధేయురాలు,
ఒక కానిస్టేబుల్ డ్రైవర్ భార్య,
అజిత్‌సింగ్‌నగర్, విజయవాడ